మూలన చిన్న అక్షరాలు

పన్నెండేళ్ళు దొంగ సాఫ్ట్‌వేర్‌తో కొట్టు నడిపినన్నాళ్ళూ యాకూబ్ వైపు ఎవరూ తొంగి చూడలేదు. దొంగతనం మానేసిన నలభై ఒకటో రోజున నోటీసు వచ్చింది.

ఈ లెక్క రమాదేవికి నచ్చలేదు. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళు స్టీలు సామాన్ల కొట్టు నడిపి, ఆ తర్వాత అదే కొట్టు పైగదికి 'రమా డిటెక్టివ్స్' అని బోర్డు తగిలించిన మనిషి ఆమె. ఏ గరిటె ఎవరి చేతిసంచిలోకి జారుతోందో కూర్చున్నచోటు నుంచి కదలకుండా చెప్పగలిగేది. అంత కన్ను పెట్టుకుని ఊరికే కూర్చుంటే నష్టమేనని ఈ పనిలోకి దిగింది. సరుకు నిల్వ పెట్టక్కర్లేదు, పాత స్టాకు మిగలదు, పెట్టుబడల్లా ఒక జత చెప్పులు.

మధ్యాహ్నం రెండూ ఐదుకి ఆమె 'యాకూబ్ డిజిటల్స్'లో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎండకి సగం దించిన షట్టరు మీద, బోర్డు మీద, లోపల కంప్యూటర్ తెర మీద ఒకే నీలం నెమలి బొమ్మ. కొట్టు గుర్తు కాబోలు, బాగానే ఉంది అనుకుంది.

"మళ్ళీ మొదట్నించీ చెప్పు యాకూబూ. టైములతో సహా."

"చెప్పేదేముందక్కా! పొద్దున పదింటికి టై కట్టుకున్నాయన ఒకడొచ్చాడు. ఈ కాయితం చేతిలో పెట్టాడు. నాలుగింటికి మళ్ళీ వస్తా, రెండు లక్షలిస్తే రాజీ, లేకపోతే కంప్యూటర్లు రెండూ జప్తు అన్నాడు. మూణ్ణాళ్ళలో కోటప్పకొండ తిరనాళ్ళు. కొండకి లాక్కెళ్ళే ఎనభై అడుగుల వెదురు ప్రభకి కట్టాల్సిన బొమ్మలన్నీ ఈ కంప్యూటర్లోనే ఉండయ్. ఇది పోయిందంటే కమిటీవోళ్ళు బొమ్మల బదులు నన్నే కడతారు ప్రభకి!"

యాకూబ్ మనిషి బొద్దుగా ఉంటాడు. ప్రభ బరువు తట్టుకోవడం కష్టమే అనుకుని రమాదేవి నోటీసు అందుకుంది. ఆమెకి ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదివే అలవాటు, ఒకసారి ఇచ్చేవాడిలాగా, ఒకసారి పుచ్చుకునేవాడిలాగా.

ఎర్ర ముద్ర, బంగారు రంగు అంచు, సింహం బొమ్మ. విషయం ఇది: 'మీరు ఓపెన్‌గీత అను ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుచున్నారు. ఇది మా క్లయింటు పిక్సోమార్క్ కంపెనీ వారి సాఫ్ట్‌వేర్ చేయు పనులన్నియు చేయుచున్నది. కావున ఇది మేధోసంపత్తి చౌర్యము. ఈ నెల 9వ తేదీ ఉదయం 11:20కి మా సర్వర్ ఈ నేరమును కనిపెట్టినది.'

"ఈ ఓపెన్‌గీత ఏంది? పిక్సోమార్క్ ఏంది?"

జవాబు లోపలి కంప్యూటర్ వెనక నుంచి వచ్చింది. అక్కడ కూర్చున్న అమ్మాయి బిందు, ఈ కొట్టులో డిజైనర్. పాలిటెక్నిక్ చదివింది, భయం చదవలేదు.

"పిక్సోమార్క్ బొంబాయి కంపెనీది మేడం. డబ్బులు కట్టాలి. మా ఓనరు గారు కట్టలా. తాళం పగలగొట్టిన కాపీ వాడేవాడు. దాన్నిండా వైరస్సులు. మొన్న పుష్యమాసంలో సర్పంచి గారి పుట్టినరోజు ఫ్లెక్సీ కొడితే మొహం పచ్చగా వచ్చింది."

"కాకరకాయ పచ్చ," అన్నాడు యాకూబ్ బాధగా. "చొక్కా తెల్లగానే వచ్చింది."

"ఇట్టా కాదని నేనే ఓపెన్‌గీత ఎక్కించా. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసుకున్నది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. కోడ్ కూడా అందరూ చూసేటట్టు బయటే పెట్టారు."

"ఊరికే ఎందుకిస్తారు?"

"వాళ్ళిష్టం మేడం."

ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఈ జవాబు రమాదేవి వినలేదు. దాన్ని తర్వాత ఆలోచించడానికి పక్కన పెట్టింది.

"సరే. తొమ్మిదో తారీకు పదకొండూ ఇరవైకి నువ్వేం చేస్తన్నావు?"

"గోళ్ళు గిల్లుకుంటన్నా. లైన్ల పని అని కరెంటు తొమ్మిదింటికి తీసేసి ఒంటిగంటకిచ్చారు."

"ఇన్వర్టర్ ఉందిగా?"

"అది ఓనరు గారి ఫ్యానుకే."

"కస్టమర్లకి కూడా తగులుద్ది," అన్నాడు యాకూబ్.

రమాదేవి లేచింది. కరెంటు లేని కంప్యూటర్ చేస్తున్న నేరాన్ని కనిపెట్టిన సర్వర్ ఎంత గొప్పదో చూడాలనుకుంది. బల్ల కిందికి వంగి, కంప్యూటర్ వెనక తీగలు ఒక్కొక్కటే వేలితో పట్టుకుంటూ పోయింది. ఒకటి ప్రింటరుకి. ఒకటి కరెంటుకి. రెండోదానికీ అంతే. ఇంటర్నెట్టు తీగ గోడలోంచి వచ్చి, కంప్యూటర్ దాకా రాకుండానే, ఒక మేకుకి వేలాడుతోంది. దాని మూతిలో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టుకుంది. గూడు ఎండి, బీటలిచ్చి, పిల్లలు ఎగిరిపోయిన చిల్లులు కూడా పడ్డాయి.

"ఇది ఎప్పుడు పీకావు?"

యాకూబ్ నేల చూశాడు. "పన్నెండేళ్ళ కిందక్కా. దొంగది వాడేటప్పుడు నెట్టు పెడితే కంపెనీకి తెలుస్తదన్నారు. అప్పుడు పీకి ఆ మేక్కి తగిలించా. బొమ్మలన్నీ ఫోన్లోంచి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటాం."

"ఇప్పుడు దొంగది కాదుగా? తగిలించొచ్చుగా?"

"అలవాటైపోయింది. దాన్ని చూస్తేనే గుండె దడ."

రమాదేవి మట్టిగూడుకి ఫోనుతో ఫొటో తీసుకుంది. అప్పటికి టైము రెండూ నలభై. అంటే సర్వర్ అబద్ధం. మరి ఓపెన్‌గీత సంగతి తెలిసిందెట్లా? కళ్ళతో చూసో, చెవులతో వినో ఉండాలి.

"బిందూ, ఆ తొమ్మిదో తారీకు కరెంటు లేనప్పుడు ఎవరన్నా వచ్చారా?"

"ఒకాయన వచ్చాడు. లెటర్‌హెడ్ కొట్టాలి, రేటెంత అన్నాడు. ఏ సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఓపెన్‌గీత, నేనే ఎక్కించా, ఫ్రీది అని చెప్పా. ఫ్రీది అయితే రేటు తగ్గించమన్నాడు. తగ్గించం అన్నా. అయితే చిలకలూరిపేటలో చేయించుకుంటాలే అని పోయాడు."

"పొద్దున నోటీసు తెచ్చిందీ ఆయనేనా?"

"నేను పదకొండింటికొస్తా మేడం. టై ఆయన్ని నేను చూడలా."

"నేను తొమ్మిదిన కొట్లో లేనక్కా," అన్నాడు యాకూబ్. "కమిటీవోళ్ళతో కొండకి పోయా."

ఒకరు చూసినవాణ్ణి ఇంకొకరు చూడలేదు. రమాదేవి ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని ఊరుకుంది. గోడ నిండా నమూనా కార్డులు అతికించి ఉంటే వాటి ముందుకు వెళ్ళి నిలబడింది. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, వర్ధంతి కార్డులు. ప్రతి దాని అడుగున, కుడి మూల, చీమ తల సైజులో ఒక వరుస ఉంది.

"ఇదేంది?"

"లైను మేడం. ఎవరు ప్రింటు చేస్తే వాళ్ళ కొట్టు పేరు, సెల్ నంబరు. ఏది కొట్టినా వేస్తాం. ఈ జిల్లాలో లైను లేని కార్డు ఉండదు."

"చావు కార్డు మీద కూడానా?"

"దాని మీద చూసి పెళ్ళి కార్డుకి వచ్చినవాళ్ళు కూడా ఉండారు," అన్నాడు యాకూబ్ గర్వంగా.

"వద్దంటే?"

"వద్దంటే యాభై రూపాయలు ఎక్కువ," అంది బిందు. "ఎవరూ ఇవ్వరు."

బిందు ప్రింటు చుక్కలు చూసుకునే చిన్న భూతద్దం బల్ల మీద ఉంది. రమాదేవి దాన్ని తీసుకుని, కిటికీ దగ్గరికి పోయి, వీపు వీళ్ళకి పెట్టి కాసేపు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు నోటీసు మడతపెట్టి చేతిసంచిలో వేసుకుంది. మొహంలో లాభం కనిపించనివ్వకుండా దాచడం కొట్టులో నేర్చిన విద్యే.

"దీనికి రెండు జిరాక్సులు తియ్యి," అంది మళ్ళీ బయటికి తీసి. "డబ్బులు అడక్కు."

మూడూ పదికి ఆమె ఇంకో పని చేసింది. బిందు ఫోనులో పిక్సోమార్క్ కస్టమర్ కేర్ నంబరు వెతికించి, తన ఫోను నుంచే మాట్లాడింది. అవతల ఎవరో అమ్మాయి, గొంతులో పంచదార. రాజీ డబ్బులు వసూలు చేసే ఏజెంట్లు తమకు ఈ జిల్లాలో ఎవరూ లేరంది. ఆ ముక్క రాసి పంపమంటే, తప్పకుండా మేడం, రికార్డు కోసం మీ పేరు, షాపు పేరు, ఊరు చెప్తారా అంది. రమాదేవి చెప్పింది. యాకూబ్ మెయిల్ అడ్రసు కూడా అడిగితే అదీ చెప్పించింది. ఐదు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. పైసా ఖర్చు లేకుండా కంపెనీ సాక్ష్యమే చేతికొచ్చింది. ఊరికే వచ్చిన సరుకుని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసే మనిషి ఆ రోజెందుకో చూడలేదు.

కమిటీ వాళ్ళకి బొమ్మల నమూనా చూపించి రమ్మని బిందుని పంపించారు. మూడూ యాభై ఆరుకి టై కట్టుకున్నాయన వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రమాదేవి గారా! గరిటెలు వదిలేసి కంప్యూటర్లు పట్టుకున్నారా?"

"రా నాయనా రాజ్‌కుమారూ. టై బాగుంది."

రాజ్‌కుమార్ గుంటూరు డిటెక్టివ్. పెళ్ళి సంబంధాల విచారణలు సగం రేటుకు చేసిపెడతానని చెప్పి రెండేళ్ళలో రమాదేవి బేరాలు మూడు చెడగొట్టినవాడు.

"మూడెకరాల మాగాణి అని నువ్వు రాసిచ్చిన పెళ్ళికొడుక్కి ఉన్నవి మూడు గేదెలంట కదా?" అంది ఆమె.

"పాత సంగతులెందుకండీ. ఇప్పుడు నేను యాంటీ పైరసీ ఆఫీసర్ని. యాకూబ్, డబ్బు రెడీనా?"

"ఆగు. ముందు సరుకు సంగతి తేల్చు," అంది రమాదేవి. "ఇతను చేసిన తప్పేంది?"

రాజ్‌కుమార్ టై సర్దుకున్నాడు. "పిక్సోమార్క్‌లో గీత గీస్తే గీత పడుద్ది. ఇందులోనూ పడుద్ది. అందులో రంగు నింపొచ్చు. ఇందులోనూ నింపొచ్చు. అక్కడ ఏడాదికి ముప్పై వేలు, ఇక్కడ సున్నా. డబ్బులకి అమ్మే సరుకు ఊరికే వస్తందంటే అది దొంగ సరుకు కాక ఏంది?"

"నా కొట్లో ఐదు కంపెనీల ఇడ్లీ పాత్రలు అమ్మాను. అన్నిట్లోనూ గుంటలే, అన్నిట్లోనూ ఆవిరే. మొదట గుంట పెట్టినోడు మిగతా నలుగుర్నీ జైల్లో వేయించాడా?"

"అది స్టీలు. ఇది మేధస్సు."

"మేధస్సే అనుకో. ఒకడి అచ్చు ఎత్తుకొచ్చి పోత పోస్తే దొంగతనం. తన అచ్చు తనే చేసుకుని పోస్తే వ్యాపారం. డబ్బులొద్దు అనుకుంటే దానం. ఓపెన్‌గీతోళ్ళు తమ అచ్చు దాచుకోలా, నడిబజార్లో పెట్టారు. పిక్సోమార్క్ వాళ్ళ అచ్చులోని ముక్క ఒక్కటంటే ఒక్కటి అందులో ఉందని చూపించు. రెండు లక్షలు నేనిప్పిస్తా."

"అది... టెక్నికల్ టీము చూసుకుంటది."

"పోనీ ఇంకో రకం దొంగతనం ఉంది. తన పాత్ర మీద పక్కవాడి ముద్ర కొట్టి అమ్ముకోవటం. అట్టాంటోణ్ణయితే నేనే పట్టిచ్చేదాన్ని."

యాకూబ్‌కి పొలమారింది. గ్లాసెడు నీళ్ళు తాగినా దగ్గు ఆగలేదు. రమాదేవి ఆ దగ్గుని భయం కింద రాసుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె కట్టిన లెక్కలన్నిట్లో తప్పు పడింది అక్కడే.

"మీ సర్వర్ తొమ్మిదో తారీకు పదకొండూ ఇరవైకి పట్టుకుందన్నావు. కరెంటు లేదు. ఉన్నా ఈ కంప్యూటరుకి నెట్టు లేదు. ఇదిగో." ఫోను చూపించింది. "కుమ్మరిపురుగు సాక్షి. కుటుంబంతో సహా."

"మా దగ్గర వేరే ఆధారాలున్నయ్..."

అప్పుడే బిందు తిరిగొచ్చింది. లోపలికి అడుగుపెడుతూనే రాజ్‌కుమార్‌ని చూసి పలకరింపుగా నవ్వింది.

"లెటర్‌హెడ్ అయిపోయిందా అన్నా? చిలకలూరిపేటలో రేటు తగ్గించారా?"

రాజ్‌కుమార్ గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

"తగ్గించినట్టే ఉన్నారు," అంది రమాదేవి. నోటీసు విప్పి బల్ల మీద పరిచి, కుడి మూల మీద భూతద్దం పెట్టింది. "చదువు నాయనా. నీకు నా కంటే కళ్ళు బాగుంటయ్."

రాజ్‌కుమార్ వంగాడు. చదవలేదు. బిందు చదివింది. "సుకన్య గ్రాఫిక్స్, చిలకలూరిపేట. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, స్టిక్కర్లు. సెల్..."

"బొంబాయి కంపెనీవాళ్ళు నోటీసులు చిలకలూరిపేటలో కొట్టించుకుంటారా రాజ్‌కుమారూ? లైను వద్దంటే యాభై రూపాయలు అడిగి ఉంటారు. సగం రేటు మనిషివి, ఇవ్వలేకపోయావు. యాభై మిగిలింది, రెండు లక్షలు పోయినయ్."

"యాకూబూ," అని అతని వైపు తిరిగింది. "పన్నెండేళ్ళుగా లైన్లు వేస్తన్నావు. నీకు కనపళ్ళా?"

"కనపడిందక్కా," అన్నాడు యాకూబ్ అమాయకంగా. "ప్రతి కాయితానికీ ఉండేదేగా అనుకున్నా."

రాజ్‌కుమార్ చెయ్యి చటుక్కున నోటీసు మీద పడింది. నలిపి జేబులో కుక్కుకున్నాడు.

"ఉంచుకో. జిరాక్స్ కొట్లో నిలబడి కాయితం లాక్కుంటావేంది?" అంది రమాదేవి. "పిక్సోమార్క్ వాళ్ళు ఈ జిల్లాలో తమకి ఏజెంట్లే లేరని రాసిచ్చారు కూడా. పోలీసుల దగ్గరికి పోదామా, ఈ కొట్టు మీద నాకే హక్కూ లేదని రాసిస్తావా? నీ లెటర్‌హెడ్ మీదే రాయి. డబ్బు పెట్టి కొట్టించావు, వృథా చేసుకోకు."

రాశాడు. సంతకం పెట్టాడు. తేదీ వేయమంటే వేశాడు. నాలుగూ పన్నెండుకి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు టై జేబులో ఉంది.

యాకూబ్ ఆనందం పట్టలేక మూడు టీలు, ఒక సమోసా తెప్పించాడు. సమోసా రమాదేవికి. ఫీజు సంగతి ఆమె ఎత్తబోతుంటే నాలుగూ ఇరవై ఏడుకి అతని ఫోను టింగుమంది.

"మెయిల్ అక్కా. పిక్సోమార్క్ అంట. లీగల్ విభాగమంట. ఇంకో దొంగ వచ్చి సచ్చాడు!"

బిందు ఫోను తీసుకుని చదివింది. చదువుతున్నకొద్దీ గొంతు చిన్నదైంది. సమాచారం ఇచ్చిన శ్రీమతి రమాదేవి గారికి మొదటే కృతజ్ఞతలు చెప్పారు. ఆవిడ చెప్పిన షాపు పేరు కొట్టి చూడగా, షాపు ఇంటర్నెట్టులో పెట్టుకున్న ఫొటోల్లో బోర్డు మీద, షట్టరు మీద, కంప్యూటర్ తెరల మీద తమ రిజిస్టర్డ్ గుర్తు అయిన నీలం నెమలి కనిపించిందట. తమ దగ్గర ఈ షాపు ఏనాడూ లైసెన్సు తీసుకోలేదట. ఆ గుర్తు ఏ హక్కుతో పెట్టుకున్నారో, ఎన్నాళ్ళ నుంచి ఏం వాడుతున్నారో విచారించడానికి తమ లాయరుతో కలిసి రేపు ఉదయం పది గంటలకు వస్తారట. కింద ఒక ఫొటో. నెమలి కింద చేతులు కట్టుకుని నవ్వుతూ యాకూబ్. ఫొటో మీద యాకూబే రాసి పెట్టుకున్న అక్షరాలు: 'ఒరిజినల్ పిక్సోమార్క్ డిజైన్లు మాత్రమే.'

రమాదేవి సమోసా కింద పెట్టింది.

"ఆ నెమలి వాళ్ళదా?"

బిందు యాకూబ్ వైపు చూసింది.

"యాకూబూ. నిన్నే."

"ఏం చేసేదక్కా! ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని తెలిస్తే ప్రతివోడూ ఫ్లెక్సీ అడుగు మీద రెండు రూపాయలు తగ్గించమంటన్నాడు. నీకు ఊరికే వచ్చింది, మాకూ ఊరికే కొట్టు అంటన్నారు. పాత రేటు నిలబడాలంటే పాత బొమ్మ ఉండాలని, తెర మీద ఓపెన్‌గీత పేరు తీసేసి ఆ నెమలి పెట్టమన్నా."

"నేను వద్దన్నా మేడం," అంది బిందు. "చానాసార్లు చెప్పా. ఓపెన్‌గీతోళ్ళు ఊరికే ఇచ్చి ఒక్కటే అడిగారు, మా పేరు చెరపొద్దని. అదే చెరిపించాడు."

నిక్షేపంలాంటి సరుకు ఊరికే చేతిలో పెడితే ఇచ్చినవాడి పేరు చెరిపి, పన్నెండేళ్ళు ఎగ్గొట్టినవాడి ముద్ర కొట్టాడు. ఒకే దెబ్బకి ఇద్దరి దగ్గరా దొరికిపోయాడు. కరెంటు ఉండి ఉంటే రాజ్‌కుమార్‌కి కూడా బోర్డు మీది నెమలే ఓపెన్‌గీత తెర మీదా కనపడి ఉండేది, నోటీసులో అసలు నేరమే రాసి ఉండేవాడు. వాడికి కనపడనిదాన్ని రమాదేవే ఫోను చేసి, పేరూ ఊరూ చెప్పి, కంపెనీకి అప్పగించింది. పక్కవాడి ముద్ర కొట్టినవాణ్ణి నేనే పట్టిస్తానన్న మాట అనకముందే నెరవేర్చింది. పైగా వాళ్ళు పాత పన్నెండేళ్ళూ తవ్వడం మొదలుపెడితే, మూడు రోజుల తర్వాత ఎనభై అడుగుల ప్రభ బోడిగానే లేస్తుంది.

యాకూబ్ మాత్రం ఫోను లాక్కుని, మెయిల్లో వచ్చిన నోటీసుని రెండు వేళ్ళతో తెర మీద పెద్దది చేస్తున్నాడు. కుడి మూలకి జరిపాడు. ఇంకా పెద్దది చేశాడు. ఎడమ మూల చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"అక్కా, చూడు చూడు! దీనికి లైనే లేదు. ఎక్కడా లేదు. అంటే ఇది కూడా దొంగ నోటీసేగా?"